వానను తరిమిన స్తంభం

ఎవారిస్తో ఏ పనికీ పనికిరాడని మా కొండ ఊరు ఇచిక్‌పంపాలో అందరికంటే ముందు తేల్చింది అతని అత్తగారు గ్రిమానేసా. పెళ్ళయిన మూడో నెలలోనే తేల్చేసింది. దున్నమంటే ఎడ్లను సాలు మధ్యలో ఆపి కొండకేసి చూస్తాడు. గోడ కట్టమంటే రాయిని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ పొద్దు పుచ్చుతాడు. నలుగురిలో నోరు విప్పితే మాత్రం ఒక పట్టాన మూయడు. "నీ మొగుడికి చూడ్డం తప్ప ఇంకో పని చేతకాదే," అని కూతురు ఎడెల్‌మీరాని రోజూ దెప్పేది. ఎడెల్‌మీరా ఉన్ని వడుక్కుంటూ, "నన్ను కూడా చూస్తాడులే అమ్మా," అనేది.

ఆ దెప్పిపొడుపే అతనికి బతుకుతెరువు చూపించింది. పట్నంలోని ఆఫీసువాళ్ళు వైతకొచా సరస్సు దగ్గర కాపలాకి మనిషి కావాలని వచ్చినప్పుడు, ఊరి సభలో గ్రిమానేసాయే లేచి, "మా అల్లుణ్ణి తీసుకుపోండి బాబూ, రోజంతా నీళ్ళకేసి చూడమన్నా విసుక్కోడు," అంది. సభంతా నవ్వింది. ఎవారిస్తో కూడా నవ్వాడు. అలా నవ్వుకుంటూ కొండెక్కిన మనిషి ఇరవై ఒక్క ఏళ్ళుగా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. పదిహేను రోజులు పైన, పదిహేను రోజులు ఇంట్లో. అతను దిగినప్పుడు పక్క ఊరి ఒనోరియో ఎక్కుతాడు. పైన రాళ్ళతో కట్టిన ఒంటిగది, దాని ముందు సరస్సు, సరస్సు వెనక నిలువునా మంచుగడ్డ. ఆ మంచుగడ్డ ఏటేటా వెనక్కి జరుగుతూ, ఖాళీ అయిన చోటంతా నీళ్ళు నింపుతోంది. ఆ నీళ్ళకి అడ్డంగా ఉన్నది రాళ్ళూ మట్టీ కలిసిన గట్టు ఒక్కటే. పైనుంచి ఇల్లంత మంచుపెళ్ళ ఊడి నీళ్ళలో పడితే అల గట్టు దాటుతుంది. గట్టు తెగిందా, లోయలో పడిన నీళ్ళు మా ఊరు చేరడానికి అరగంట చాలు. మనిషి ఎంత పరిగెత్తినా దిగడానికి రెండున్నర గంటలు. ఎవారిస్తో ఉద్యోగమంతా ఈ లెక్కలోనే ఉంది.

అందుకే ఊరికీ సరస్సుకీ మధ్య ఉన్న సిలువకొండ మీద, పాత సిలువ పక్కన, ఆఫీసువాళ్ళు ఇనుప స్తంభం నిలబెట్టారు. ఎవారిస్తో వాకీటాకీలో మాట్లాడితే ఆ మాట స్తంభం అందుకుని ఇటు మా బడిలోని వాకీటాకీకీ, అటు పట్నానికీ చేరుస్తుంది. గది గుమ్మం పక్కనున్న పెట్టె మీద ఎర్ర మీట నొక్కితే మా బడి కప్పు మీద సైరన్ కూస్తుంది. స్తంభం లేకపోతే అతను పైన గొంతు చించుకున్నా వినేది సరస్సు ఒక్కటే.

మిగతావాళ్ళకి అది శిక్ష. ఎవారిస్తోకి మాత్రం ఆ గది పుట్టిల్లు. తెల్లవారగానే కొండపుదీనా వేసి నీళ్ళు మరిగించుకుని, గ్లాసు చేత్తో పట్టుకునే గట్టు మీదికి పోయేవాడు. నీళ్ళలో పాతిన కొలకర్ర చూసి, సరస్సు నీళ్ళని కిందికి లాగే నల్ల గొట్టాల మీద చెవి పెట్టి విని, రెండు గంటలకోసారి ఆఫీసుకి చెప్పేవాడు. మధ్యలో చేప పట్టుకునేవాడు. సరస్సుతో కబుర్లు చెప్పేవాడు. "నిన్నటికన్నా రెండు వేళ్ళు ఎక్కువ తాగినట్టున్నావ్ ముసలమ్మా, ఏంటి విశేషం?" అని అడిగేవాడు. దాని దగ్గరికి ఎర్రబట్ట కట్టుకుని పోకూడదనీ, గట్టిగా అరవకూడదనీ చిన్నప్పుడు నాయనమ్మ భయపెట్టేది. మెడలోంచి తొడుక్కునే ఎర్ర పోంచోని ఇంట్లో వదిలేసే వెళ్ళేవాడు. కబుర్లు మాత్రం మానలేదు.

స్తంభం నిలబెట్టిన నాలుగో ఏట మాకు వాన మొహం చాటేసింది. వానలు మొదలయ్యే అక్టోబరులో నాటిన బంగాళాదుంప డిసెంబరుకల్లా మొక్క మీదే వడిలిపోయింది. ఊరు చేయగలిగిందంతా చేసింది. పిల్లల్ని కొండ మీదికి తీసుకుపోయి, దయ చూడు తండ్రీ అని ఆకాశానికి వినపడేలా ఏడిపించారు. ఏడుపు రానివాళ్ళని తల్లులే గిల్లారు. అదీ సరిపోకపోతే ఊరి పెద్ద అకిలినో రెండు బస్సులు మారి సముద్రం దాకా వెళ్ళి, రెండు సీసాల ఉప్పునీళ్ళు పట్టుకొచ్చాడు. సముద్రపు నీళ్ళు కలిస్తే సరస్సుకి రోషం వచ్చి మబ్బుల్ని లేపుతుందని మా నమ్మకం. తాతల నాటి పద్ధతి అది. సీసాలు మోసుకెళ్ళి వంచింది ఎవారిస్తోయే. ఆ పూట ఆఫీసుకి చెప్పేటప్పుడు, "రెండు సీసాలు కలిపినా నీటిమట్టం మారలేదు," అన్నాడు. అవతల గొంతు చాలాసేపు నవ్వింది.

జనవరి సభలో జనం మొహాలు చూడలేనట్టున్నాయి. ఎవరో, "నువ్వు పైన ఉండేవాడివి కదా, వాన ఎప్పుడొస్తుందో చెప్పు ఎవారిస్తో," అని అడిగారు. తెలియదంటే పోయేది. అలా అని ఊరుకుంటే అతను ఎవారిస్తో ఎలా అవుతాడు? నలుగురూ తన మాట కోసం ఎదురుచూడటం అతనికి అలవాటు లేని సుఖం. లేచి నిలబడి టోపీ సర్దుకున్నాడు.

"స్తంభం మీద గిరగిరా తిరిగే గిన్నెలున్నాయి చూశారా, గాలి ఎంత జోరుగా పోతోందో అవి చెబుతాయి. కిందున్న డబ్బా పడిన ప్రతి చినుకునీ పట్టి కొలుస్తుంది. దాని కళ్ళు కప్పి ఒక్క మబ్బు కూడా ఈ కొండ దాటలేదు. నేను చెబుతున్నా రాసుకోండి, ఇంకో పది రోజులు వాన లేదు."

కోకా ఆకు నములుతున్న అకిలినో నమలడం ఆపాడు.

"అంటే మబ్బులు దాన్ని అడిగి రావాలన్నమాట," అన్నాడు.

"అలా కాదన్నా, అది ఊరికే చూస్తుంది..."

"చినుకుల్ని పట్టేది అదేనని నువ్వే అన్నావ్. గిన్నెలు తిప్పి మబ్బుల్ని తరిమేదీ అదే అయ్యుంటుంది. అది రాకముందు వానలు లేవా మనకి?"

ఎవారిస్తో ఒక గంటసేపు మాట్లాడాడు. ఎంత విప్పితే అంత చిక్కుపడింది. పది రోజులు గడిచాయి. అతను చెప్పినట్టే చినుకు పడలేదు. అదే అతని కొంప ముంచింది. వాన రాదని ముందే తెలిసినవాడికి వాన ఎందుకు రాదో తెలియదంటే ఎవరు నమ్ముతారు?

పదకొండో రోజు పొద్దున్నే బడి ముందు మగాళ్ళు గునపాలు, గొడ్డళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఎవారిస్తో దారికి అడ్డం నిలుచున్నాడు. "అది పోతే నా మాట మీకు చేరదు. ఆ మంచు ఎడమ పక్క పెళ్ళ దగ్గర చీలిక కనిపిస్తోంది. ఈ ఏడో వచ్చే ఏడో అది పడుతుంది. పడితే మీకెవరు చెబుతారు?"

"ఒరేయ్ ఎవారిస్తో, పడబోయేదాని గురించి తర్వాత. మా పిల్లలు ఈ ఏడు ఏం తింటారో అది చెప్పు," అన్నాడు అకిలినో. అకిలినో దుర్మార్గుడేమీ కాదు. అతని పొలంలో కూడా ఒక్క మొక్క మిగల్లేదు.

అప్పుడు గ్రిమానేసా జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. డెబ్భై ఏళ్ళు దాటినా ఆవిడ గొంతు ముందు సైరన్ తీసికట్టే.

"గొడ్డళ్ళు కింద పెట్టండి. సిలువ పక్కన నాలుగేళ్ళు నిలబడింది అది. కొండకి అలవాటైపోయింది. దాన్ని ముక్కలు చేస్తే కోపం ఎవరికొస్తుందో నాకు తెలీదు, వస్తే మాత్రం మీ పొలాల మీదే పడుతుంది. మే నెల పండక్కి సిలువని ఎలా దింపుతాం? అలాగే దింపుదాం. పూలేసి, దణ్ణం పెట్టి. విప్పేది నా అల్లుడు. వాడికే తెలుసు ఏది ఎక్కడ బిగించారో."

ఎవారిస్తోకి ఒళ్ళు మండిపోయింది. ఊరంతా ఒక ఎత్తు, పిల్లనిచ్చిన అత్త ఒక ఎత్తు. పానా పట్టుకుని ఒక్కొక్క నట్టూ విప్పాడు. గ్రిమానేసా కింద కూర్చుని కొంగు పరిచి ప్రతి నట్టునీ, బోల్టునీ లెక్కపెట్టి తీసుకుంది. సోలార్ పలకని సొంత దుప్పటిలో చుట్టించింది. ఆడవాళ్ళు పాట పాడారు. మగాళ్ళు స్తంభాన్ని భుజాల మీద మోసుకుంటూ తెచ్చి ఆవిడ ఇంటి అటక మీద పెట్టారు. ఆ రోజు నుంచి ఎవారిస్తో అత్తతో మాట మానేశాడు. ఆవిడ కాచిన గోధుమజావ మాత్రం తాగేవాడు. గిన్నె ముందుకు తోసి, గోడకేసి చూసేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం వాన వచ్చింది.

మా ఊరు అలాంటి సంబరం మళ్ళీ చూడలేదు. ముసలివాళ్ళు కూడా వీధిలోకి వచ్చి తడిశారు. ఎవారిస్తో గుమ్మంలో నిలబడితే వచ్చేవాడూ పోయేవాడూ ఒక మాట విసిరి పోయాడు. "తల తుడుచుకో ఎవారిస్తో, పడిశం పడుతుంది." "స్తంభం ఊరికే చూస్తుందన్నావ్, అది దిగగానే ఈ పడేదేంటి మరి, దూడ ఉచ్చా?" అతను కూడా తడిశాడు, నవ్వాడు కూడా. అతనికి మాత్రం పొలం లేదా ఏమిటి? వాన వస్తే సంతోషించని మనిషి మా కొండల్లో పుట్టడు. కానీ అతని చూపు మాత్రం స్తంభం లేని సిలువకొండ మీదే ఉంది.

వంతు రాగానే పైకి పోయాడు. వాకీటాకీ తీసి పిలిచాడు. బరబరమని చప్పుడు తప్ప ఏమీ లేదు. తెలిసే పిలిచాడు, అయినా రోజూ రెండు గంటలకోసారి పిలుస్తూనే ఉన్నాడు. ఎడమ పక్క మంచులో నల్లటి గీత వారం వారం పొడుగవుతోంది. కిందికి దిగినప్పుడు ఎడెల్‌మీరాతో, "పై మిట్టలో అన్నయ్య కొట్టం ఖాళీగానే ఉంది. కొన్నాళ్ళు అక్కడికి మారు," అన్నాడు.

"పందుల్ని ఎవరు మేపుతారు? అయినా నువ్వు పైన ఉండి చూస్తూనే ఉన్నావుగా."

"చూడగలను. చెప్పలేను," అన్నాడు ఎవారిస్తో.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను రెండు ముక్కల్లో మాట ముగించడం ఎడెల్‌మీరా అదే మొదటిసారి వినడం. ఆవిడ చేతిలో కదురు ఆగిపోయింది. మర్నాడే మంచాన ఉన్న పెద్దమ్మని పై మిట్టకి మార్చింది, తను మాత్రం పందుల దగ్గరే ఉండిపోయింది.

ఇక వాన సంగతి. వచ్చింది బాగానే ఉంది, పోవడం మర్చిపోయింది. ఫిబ్రవరి అంతా కురిసింది. మార్చిలోనూ ఆగలేదు. మళ్ళీ నాటిన బంగాళాదుంపకి ఆకుమాడు తెగులు పట్టింది. మడుల్లో నీళ్ళు నిలిచి దుంపలు మట్టిలోనే కుళ్ళిపోతున్నాయి. గోడలు నానాయి. తడి ఉన్ని వాసన ఊరంతా పట్టేసింది. జనవరిలో ఆకాశానికి దణ్ణాలు పెట్టినవాళ్ళే ఇప్పుడు దాన్ని తిట్టడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం అకిలినో వచ్చాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో మిరపకారం పట్టించి కాల్చిన గినీపంది, చుట్టూ ఉడికించిన దుంపలు. వంటింట్లో కుందేళ్ళలా పెంచుకునే ఆ చిన్న జంతువుని వండి పట్టుకుని మాలో ఎవడైనా గుమ్మం తొక్కాడంటే ఏదో అడగడానికి వచ్చినట్టే. పుచ్చుకున్నామా, ఒప్పుకున్నట్టే. గ్రిమానేసా పళ్ళెం అందుకుని గబగబా లోపల పెట్టేసింది.

అకిలినో ముందు పందుల ఆరోగ్యం అడిగాడు. తర్వాత ఎడెల్‌మీరా నేస్తున్న దుప్పటిని మెచ్చుకున్నాడు. టోపీ తీసి, నీళ్ళు పిండి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అది కాదు తమ్ముడూ... ఆ స్తంభం అలా అటక మీద ఒంటరిగా పడి ఉండటం బాగాలేదేమోనని కొందరు అనుకుంటున్నారు."

"ఎవరన్నా ఆ కొందరు?"

"అందరూ." అకిలినో నేలకేసి చూశాడు. "గిన్నెలు మళ్ళీ కాస్త తిరిగితే, మబ్బులు అటు పోతాయేమోనని. పూర్తిగా వద్దులే. కాస్త."

ఎవారిస్తోకి కోపం, నవ్వు, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇన్ని నెలల అక్కసంతా తీర్చుకునే అవకాశం గుమ్మంలోకి నడిచొచ్చింది. "అన్నా, అసలు ఆ స్తంభం వానని ఆపడమేంటి..." అని మొదలుపెట్టాడో లేదో, గ్రిమానేసా గినీపంది కాలు ఒకటి తెచ్చి అతని చేతిలో కుక్కింది.

"తిను అల్లుడూ, చల్లారిపోతుంది. నువ్వు వెళ్ళు అకిలినో, వీడు రేపు చెబుతాడు."

అకిలినో వీధి మలుపు తిరిగేదాకా ఆగి ఎవారిస్తో విరుచుకుపడ్డాడు. "అబద్ధం మీద నిలబెట్టమంటావా అత్తా? వచ్చే ఏడు వాన రాకపోతే మళ్ళీ పీకేస్తారు. ఆ రోజు నువ్వే కదా దగ్గరుండి పీకించావ్."

"పీకించానా?" గ్రిమానేసా పొయ్యి దగ్గర కూలబడింది. "ఆ రోజు నేను నోరెత్తకపోతే అది నలభై ముక్కలయ్యేది. ముక్కలకి నట్లు బిగిస్తావా నువ్వు? కడుపు కాలినవాడికి యంత్రం గురించి చెబితే వింటాడా? వినడు. చేతిలో గొడ్డలి ఉన్నవాడితో వాదించకూడదు, ఆ చేతికి ఇంకో పని చెప్పాలి. నేను చెప్పాను. ఇన్నాళ్ళూ నా జావ తాగుతూ నా మొహం చూడవేంట్రా అనుకుంటున్నా."

ఆవిడే మళ్ళీ అందుకుంది, ఈసారి గొంతు తగ్గించి.

"నాకప్పుడు ఆరేళ్ళు. పొద్దున్న పూట. అమ్మ ఏట్లో ఉన్ని కడుగుతోంది. నేను పైన మేకల దగ్గరున్నా. చప్పుడు విని బండరాళ్ళు దొర్లుతున్నాయనుకున్నా. ఏరు నల్లగా నిలబడి వచ్చింది, నిలబడి. నేను చూశాను అల్లుడూ. పిలిచాను కూడా. మా అమ్మకి వినపడలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, కట్టెలు ముందుకు తోసింది. "నిన్ను ఆ ఉద్యోగానికి నవ్వులాటకే పంపాననుకున్నావా?"

ఎవారిస్తో ఆ పూట గినీపంది పూర్తిగా తినలేకపోయాడు. ఇన్ని వారాలు ఆవిడ మీద కోపంతో గోడకేసి చూసినందుకు సిగ్గేసింది. లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, "జావ ఉందా అత్తా?" అని అడిగాడు. "గోడనే అడుగు," అంది గ్రిమానేసా. అని, పోసింది.

మర్నాడు అకిలినో ఇంటికి తనే వెళ్ళాడు. రాత్రంతా తలలో మరగబెట్టుకున్న మాట చెప్పాడు.

"నిలబెడతానన్నా. వాన ఆగుతుందని మాత్రం నేను పూచీ పడను, ఆగితే ఆగుతుంది, లేకపోతే లేదు. ఇంకో మాట. ఇంటికొకరు చొప్పున వంతులేసుకుని నాతో పైకి రావాలి. తలా మూడు రోజులు."

"పైకా? ఎందుకు?"

"దానికి నా ఒక్కడి గొంతే అలవాటైంది. అందుకే ఊరు దాన్ని పరాయిదనుకుంది. మీ అందరి గొంతూ అది వినాలి. సరస్సు కూడా మిమ్మల్ని చూడాలి."

అకిలినో ఆలోచించాడు. ఊరి పనికి ఇంటికొక మనిషి రావడం మాకు కొత్త కాదు. కాలవ తవ్వినా, బడి కట్టినా అలాగే. "ఇది న్యాయంగా ఉంది," అన్నాడు.

స్తంభాన్ని మళ్ళీ పూలతోనే ఎక్కించారు. గ్రిమానేసా ప్రతి నట్టునీ లెక్కపెట్టి ఇచ్చింది, ఒక్కటి తగ్గలేదు. బిగించడం అయ్యాక ఎవారిస్తో ఆఫీసుని పిలిచాడు. "వైతకొచా కాపలా మాట్లాడుతున్నాను," అన్నాడు. అవతల నుంచి, "వానకి రోడ్డు తెగి మేం రాలేకపోయాం, ఎక్కడికి పోయావయ్యా మనిషీ?" అన్న గొంతు. సిలువకొండ మీద ఉన్నవాళ్ళంతా విన్నారు. వాన ఆ వారమే తెరిపిచ్చింది. మా ఊరు మరోసారి తానే గెలిచాననుకుంది. ఎవారిస్తో ఈసారి ఎవరికీ ఏమీ విప్పి చెప్పలేదు. అదీ అతను నేర్చుకున్న కొత్త విద్య.

కానీ చూపించాడు. వంతుకి వచ్చిన ప్రతివాడినీ గట్టు మీదికి తీసుకుపోయి, మంచులో నల్ల గీత చూపించాడు. కొలకర్ర చదవడం నేర్పాడు. రెండు గంటలకోసారి వాకీటాకీ వాళ్ళ చేతికే ఇచ్చాడు. మొదట గొణిగినవాళ్ళు మూడో రోజుకి పెళ్ళాంబిడ్డలతో కూడా అందులోనే మాట్లాడేవాళ్ళు. "దుంపలు ఎక్కువ ఉడికించకే," అని ఒకడు సరస్సు ఒడ్డు నుంచి చెబితే ఊరంతా బడి దగ్గర విని నవ్వుకుంది. అకిలినో తన మొదటి వంతంతా కొలకర్ర దగ్గరే గడిపాడు. మధ్యాహ్నం ఎక్కడో మంచు పగిలిన చప్పుడు వినిపిస్తే, అతను తన ఊరున్న వైపు తిరిగి చాలాసేపు చూశాడు. దిగేటప్పుడు, "ఇంత దగ్గరగా ఉందని నాకు తెలీదు," అన్నాడు. దిగిన వారమే ఊళ్ళో సభ పెట్టి, సైరన్ కూస్తే ఎవరు ఏ దారిన ఎక్కాలో, ఏ ముసలివాళ్ళని ఎవరు మోయాలో తేల్చాడు. ఏటి ఒడ్డున తన కొడుకు కట్టబోయిన ఇంటిని కూడా పై మిట్టకి మార్పించాడు.

మే నెలలో సిలువ పండగ అయిన తొమ్మిదో రోజు, అకిలినో అడిగి పుచ్చుకున్న రెండో వంతు. ఆకాశం నీలంగా ఉంది. ఇద్దరూ గది ముందు కూర్చుని వేయించిన మొక్కజొన్న నములుతున్నారు. మంచు ఎడమ పక్క పెళ్ళ మెల్లగా, ఏ తొందరా లేనట్టు, ముందుకి వాలింది. చప్పుడు తర్వాత వచ్చింది.

ఎవారిస్తో ఎర్ర మీట నొక్కాడు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఎదురుచూసిన పని ఒక్క వేలితో అయిపోయింది. వాకీటాకీ అందుకుని చెప్పాల్సిన నాలుగు మాటలూ తడబడకుండా చెప్పాడు. అకిలినో దాన్ని అతని చేతిలోంచి లాక్కున్నాడు.

"నేను అకిలినోని. నేను నా కళ్ళతో చూశాను. కుండలు వదిలేయండి, పందుల్ని వదిలేయండి. ముసలివాళ్ళని మోసుకుని పై మిట్టకి ఎక్కండి. వెనక్కి తిరిగి చూసినవాణ్ణి నేను క్షమించను."

ఇద్దరూ పక్క రాళ్ళవాలు మీదికి చేతులతో పాక్కుంటూ ఎక్కారు. అల గట్టుని కొట్టింది, దాటింది. నల్ల గొట్టాల్ని గడ్డిపోచల్లా ఎగరేసింది. గట్టు అంచు ఒకటి విరిగి, బురద, రాళ్ళు, నీళ్ళు కలిసి లోయలోకి పడ్డాయి. గది పోయింది. గట్టు మొదలు మాత్రం తెగలేదు. ఇన్నేళ్ళూ గొట్టాలు నీళ్ళని కిందికి లాగి ఉంచాయి కాబట్టి తెగలేదని ఎవారిస్తోకి తెలుసు. కానీ దిగిన నీళ్ళు చాలు, ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళని తీసుకుపోవడానికి.

తర్వాత అరగంట. ఎవారిస్తో వాకీటాకీని చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. ఎడెల్‌మీరా పందుల కోసం వెనక్కి పోయి ఉంటుందని అతనికి ఖాయంగా అనిపించింది. అకిలినో మనవల పేర్లు ఒక్కొక్కటే పైకి చెబుతున్నాడు, ప్రార్థన చదివినట్టు. ఇద్దరిలో ఎవరూ రెండోవాడి మొహం చూడలేదు.

బరబరమంది. బడిలోని వాకీటాకీని చంకన పెట్టుకుని ఎక్కిన గ్రిమానేసా గొంతు.

"ఏరు వచ్చింది. వంతెన పోయింది. అకిలినో దిగువ మడి పోయింది, దాని బురద కూడా మిగల్లేదు. మా పందులు రెండు పోయాయి, నీ పెళ్ళాం నా పక్కనే ఉంది, వాటి కోసం ఏడుస్తోంది. పై మిట్టలో అందర్నీ నిలబెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. అరవై ఎనిమిది. మన ఊరు డెబ్భై. ఇద్దరు తక్కువ. ఆ ఇద్దరి గొంతూ వినేదాకా నేను ఇక్కణ్ణుంచి ఒక్కర్నీ దిగనివ్వను. మాట్లాడండి."

అకిలినో మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఎవారిస్తోకి కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, గడ్డం మీదుగా, చొక్కా మీదికి. వాకీటాకీ మీట నొక్కి పట్టుకున్నాడు.

"ఉన్నాం అత్తా," అన్నాడు. "ఇద్దరం ఉన్నాం."

అవతల గ్రిమానేసా వెనక్కి తిరిగి ఊరివాళ్ళతో, "డెబ్భై," అనడం అతనికి వినిపించింది.